ఆగాలా, ముందే మార్చాలా?
బృహద్ధమని కవాట ప్రయోగాలపై ఒక విమర్శ

2024 అక్టోబరు 28న అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో జరిగిన హృద్రోగ నిపుణుల సమావేశంలో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వినిపించాయి. ప్రశ్న ఇది: ఒక మనిషి గుండెలోని బృహద్ధమని కవాటం బాగా ఇరుకైపోయింది. కాని అతనికి ఆయాసం లేదు, ఛాతీ నొప్పి లేదు, స్పృహ తప్పడం లేదు. ఇప్పుడే కవాటం మార్చాలా, లక్షణాలు కనిపించే దాకా ఆగాలా? 'ఎర్లీ టావర్' అనే ప్రయోగం ముందే మార్చడం మేలు అన్నది. 'ఎవాల్వ్డ్' అనే ప్రయోగం తేడా రుజువు కాలేదన్నది. ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది అనుకోవడం సులభం. కాని రెండింటి పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదివితే అలా కనిపించదు. అలా చదవడమెలాగో చూసేముందు కవాటం సంగతి కొంత తెలియాలి.

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఎడమ జఠరిక సంకోచించి, రక్తాన్ని బృహద్ధమనిలోకి నెడుతుంది. ఆ ద్వారం దగ్గర మూడు పలుచని రెక్కలున్న కవాటం ఉంటుంది. ఆరోగ్యవంతుడిలో అది 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. ఈ వైశాల్యం 1 చదరపు సెంటీమీటరుకు తగ్గితే తీవ్రమైన సంకోచం అంటారు. వయసుతోబాటు రెక్కలపై కాల్షియం పేరుకోవడం ఒక కారణం. పుట్టుకతోనే మూడింటికి బదులు రెండే రెక్కలుండటం మరొకటి. ఇది సుమారు నూటికి ఒకరిలో ఉంటుంది, అటువంటి కవాటం ఇతరులకంటే ముందుగా గట్టిపడుతుంది. మూడోది, చిన్నతనంలో గొంతునొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం. ఈ మూడో కారణాన్ని ధనిక దేశాలు చాలామటుకు మరిచిపోయాయి. మనం మరిచిపోయే స్థితిలో లేము.

కవాటం ఇరుకైన కొద్దీ జఠరిక మరింత బలంగా నెట్టాలి. అందుకని దాని గోడ దళసరి అవుతుంది. ఏళ్ల తరబడి ఈ ఏర్పాటు బాగానే సాగుతుంది. మనిషికి ఏమీ తెలియదు. ఈ వ్యాధిలోని మోసమంతా ఇక్కడే ఉంది.

కనుక్కోవడం ఎలా?

మొదటి సాధనం స్టెతస్కోపు. కుడివైపు రెండో పక్కటెముకల సందులో పెట్టి వింటే, రక్తం ఇరుకు సందులోంచి దూసుకుపోయే గరుకు శబ్దం వినిపిస్తుంది. అది మెడదాకా పాకుతుంది. దీన్నే మర్మర ధ్వని అంటారు. మెడ దగ్గర నాడి పట్టుకుంటే మెల్లగా, నీరసంగా పైకి లేస్తుంది. అయితే ఈ పరీక్షను అతిగా నమ్మరాదు. బ్రిటన్‌లో పెద్దవయసు వారిపై జరిపి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చెప్పుకోదగ్గ కవాట జబ్బులున్నవారిలో (బృహద్ధమని కవాటం ఒక్కటే కాదు, అన్ని కవాటాలూ కలిపి) సగం మందినైనా స్టెతస్కోపు పట్టుకోలేకపోయింది.

రెండో సాధనం డాప్లర్ అతిధ్వని పరీక్ష. నార్వేకి చెందిన లీవ్ హాట్లే, ఆమె సహచరులు 1970ల చివర, 1980ల మొదట్లో దీన్ని కవాటాలకు అన్వయించారు. అంతకు ముందు కవాటానికి ఇవతల, అవతల పీడనంలో తేడా తెలియాలంటే గుండెలోకి గొట్టం పంపాల్సిందే. డాప్లర్ రక్తం వేగాన్ని బయటినుంచే చెబుతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివిన బెర్నూలీ సూత్రం మిగతా పని చేస్తుంది. సరళీకరిస్తే పీడన భేదం, మిల్లీమీటర్ల పాదరసంలో, వేగం వర్గానికి 4 రెట్లు. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకోవాలి. వేగం 4 అయితే భేదం 64. వేగం 5 అయితే 100! అంటే ధమనిలో పీడనం 120 ఉండాలంటే జఠరిక 200కు మించి పనిచేస్తోందన్నమాట. సెకనుకు 4 మీటర్లు దాటితే తీవ్రమని లెక్క. పరీక్షా ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు సీటీ స్కాన్‌తో కవాటంలోని కాల్షియాన్ని కొలుస్తారు. పురుషులకు 2000, స్త్రీలకు 1200 యూనిట్లు దాటితే తీవ్రమైన సంకోచం ఉండవచ్చునని భావిస్తారు. స్త్రీల కవాటాల్లో కాల్షియం కంటే నారకణజాలం పాలు ఎక్కువ. అందుకే రెండు గీతలు వేరుగా గీయవలసి వచ్చింది. ఒకే గీత గీసి ఉంటే ఎందరు స్త్రీలు జబ్బు లేదనిపించుకుని ఇంటికి వెళ్లేవారో ఊహించండి.

ఇటీవల ఈసీజీ, ఎకో దృశ్యాలను కంప్యూటరు చేత చదివించి జబ్బును పట్టించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. వీటి గొప్పతనాన్ని విన్నప్పుడల్లా ఒక చిన్న లెక్క వేసుకోవడం మంచిది. ఉదాహరణకు వెయ్యిమంది వృద్ధుల్లో 20 మందికి జబ్బు ఉందనుకుందాం. ఒక యంత్రం జబ్బున్నవారిలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 80 శాతాన్ని సరిగా వదిలేస్తుంది అనుకుందాం. అది 16 మంది రోగులను పట్టుకుంటుంది. దాంతోబాటు 980 మంది ఆరోగ్యవంతుల్లో 196 మందిని కూడా భయపెడుతుంది. 'జబ్బు ఉంది' అన్న ప్రతి 13 మందిలో నిజమైన రోగి ఒక్కడే. వారందరికీ మళ్లీ ఎకో చేయగలిగిన చోట ఇది ఉపయోగపడే పరికరమే. చేయలేని చోట?

పాత గీత, కొత్త ఆశలు

లక్షణాలు కనిపించే వరకు ఆగమనే సలహాకు మూలం 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ ప్రచురించిన ఒక రేఖాచిత్రం. గీత చాలాకాలం దాదాపు సమతలంగా సాగి, లక్షణాలు మొదలవగానే కొండ అంచునుంచి జారినట్టు పడిపోతుంది. ఛాతీ నొప్పి మొదలైతే సుమారు 5 ఏళ్లు, స్పృహ తప్పడం మొదలైతే 3, గుండె వైఫల్యం వస్తే 2 ఏళ్లు అన్న సూత్రాన్ని ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు తరతరాలుగా వల్లెవేశారు. ఈ గీతకు ఆధారం శవపరీక్షల నివేదికలు, కొద్దిమంది రోగుల చరిత్రలు. అప్పటి రోగులు నేటి పాశ్చాత్య రోగులకంటే చిన్నవయసువారు. గీత తప్పని నేననను. అర్ధ శతాబ్దంపాటు దాన్ని సవాలు చేస్తూ పెద్ద ప్రయోగమేదీ జరగకపోవడమే ఆశ్చర్యం.

ఈ మధ్యకాలంలో పరిశోధకుల చూపు మరో వైపు మళ్లింది. కవాటాన్ని కోసి మార్చే బదులు, ఇరుకు కాకుండా మందుతో ఆపలేమా? గట్టిపడిన కవాటాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చం కొవ్వు పేరుకున్న ధమనిలాగే ఉంటుంది: కొలెస్టరాల్, వాపు కణాలు, కాల్షియం. ధమనులకు పనిచేసే స్టాటిన్ మాత్రలు కవాటానికి ఎందుకు పనిచేయవు? తర్కం ముచ్చటగా ఉంది. పాత రికార్డులు తిరగేసిన అధ్యయనాల్లో స్టాటిన్ వాడేవారి కవాటాలు నెమ్మదిగా ఇరుకవుతున్నట్టు కూడా కనిపించింది.

2005లో స్కాట్లండ్ పరిశోధకులు 155 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అటోర్వాస్టాటిన్, మరొక గుంపుకు మందు లేని మాత్ర ఇచ్చారు. కవాటం ఇరుకవడంలో తేడా రాలేదు. ఆశ చావలేదు. 2007లో పోర్చుగల్ నుంచి 121 మందితో మరో అధ్యయనం వచ్చింది. రోసువాస్టాటిన్ తీసుకున్నవారిలో జబ్బు నెమ్మదించిందన్నది. కాని ఎవరికి మందు ఇచ్చారో చూడండి: కొలెస్టరాల్ ఎక్కువున్నవారికి! తక్కువున్నవారు పోలిక గుంపు. మొదటినుంచే వేరైన రెండు గుంపులను పోల్చి, తేడా మందు వల్లనే అనడం ఎలా కుదురుతుంది?

2008లో ఐరోపా దేశాల 'సీస్' ప్రయోగం 1873 మందిని నాలుగేళ్లకు పైగా గమనించింది. రెండు మందులు కలిపి ఇస్తే చెడు కొలెస్టరాల్ సగానికి పైగా తగ్గింది. కవాటం మాత్రం తన దారిన తాను ఇరుకవుతూనే పోయింది. 2010లో కెనడా ప్రయోగం 269 మందిలో అదే మాట చెప్పింది. ఆ తర్వాత ఎముకల మందులతో 2021లో, విటమిన్ కె, డిలతో 2022లో చేసిన ప్రయత్నాలూ అదే బాట పట్టాయి. నేటికీ ఈ జబ్బును ఆపే మందు అంటూ రుజువైనది లేదు.

సీస్‌లో మరో విచిత్రం జరిగింది. మందు తీసుకున్న గుంపులో 105 మందికి క్యాన్సర్ వచ్చింది, మందు లేని గుంపులో 70 మందికి. గగ్గోలు పుట్టింది. ఆ మందుల్లో కొత్తదైన ఎజెటిమైబ్‌పై 18,144 మందితో జరిగి 2015లో ప్రచురితమైన మరో ప్రయోగంలో క్యాన్సర్ పెరుగుదల కనిపించలేదు. పది రకాల ఫలితాలను లెక్కపెడితే ఏదో ఒకదానిలో కాకతాళీయంగా తేడా కనిపించడం వింత కాదు. ఇది భయపెట్టే ఫలితాలకే కాదు, సంతోషపెట్టే ఫలితాలకూ వర్తిస్తుంది. రెండోదాన్ని ఎవరూ గుర్తుచేయరు.

కాథెటర్ కవాటం

2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో డాక్టర్ అలెన్ క్రిబియే, ఛాతీ కోయకుండా, ముడిచిన కవాటాన్ని రక్తనాళం గుండా పంపి గుండెలో విప్పారు. శస్త్రచికిత్సకు తట్టుకోలేరని వదిలేసిన రోగులకు ఇది వరమైంది. 2010లో వెలువడిన 'పార్ట్‌నర్' ఫలితాలను చూడండి. శస్త్రచికిత్సకు పనికిరాని 358 మందిలో, మామూలు చికిత్స పొందినవారిలో ఏడాదిలో 50.7 శాతం చనిపోయారు. కాథెటర్ కవాటం పొందినవారిలో 30.7 శాతం. ప్రతి 5 మందికి చికిత్స చేస్తే ఒక ప్రాణం దక్కింది. తీవ్రమైన పక్షవాతం మొదటి నెలలో కొత్త పద్ధతిలోనే ఎక్కువ (5.0 శాతం, 1.1 శాతం). అయినా లాభం ముందు ఆ నష్టం చిన్నది. లెక్కించినది మరణం. మరణంలో అభిప్రాయభేదాలుండవు.

ప్రయోగాలు ఆరోగ్యవంతులైన రోగులవైపు జరిగేకొద్దీ లెక్కించేది మారింది. శస్త్రచికిత్సకు బాగా తట్టుకోగల 1000 మందితో జరిగిన 'పార్ట్‌నర్ 3' (2019) మరణం, పక్షవాతం, మళ్లీ ఆస్పత్రిలో చేరడం, ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా లెక్కించింది. ఏడాదికి కాథెటర్ గుంపులో 8.5 శాతం, శస్త్రచికిత్స గుంపులో 15.1 శాతం. ఘనవిజయమే! 2023లో అయిదేళ్ల ఫలితాలు వచ్చాయి: 22.8 శాతం, 27.2 శాతం. తేడా గణాంకశాస్త్రపు గీత దాటలేదు. మరణాలు చూస్తే కాథెటర్ గుంపులో 10.0 శాతం, రెండోదానిలో 8.2. ఇది కాథెటర్ పద్ధతి ప్రాణాంతకమని చెప్పేంత తేడా కాదు. కాని ఏడాది నాటి విజయంలో మరణం పాత్ర ఎంతో అది చెబుతుంది.

ఇలా కలిపి లెక్కించడం కొడుకు ప్రోగ్రెస్ కార్డులో మొత్తం మార్కులు చూసి సంతకం పెట్టేసే తండ్రి పని. గణితంలో ఎన్నో, డ్రాయింగులో ఎన్నో ఆయన అడగడు.

ఇప్పుడు వాషింగ్టన్ పట్టికలు

ఎర్లీ టావర్‌లో 901 మంది. సగటు వయసు 76కు దగ్గర. అందరికీ తీవ్ర సంకోచం, లక్షణాలు లేవు. 455 మందికి వెంటనే కాథెటర్ కవాటం అమర్చారు, 446 మందిని గమనిస్తూ ఆగారు. సుమారు 3.8 ఏళ్ల తర్వాత మరణం, పక్షవాతం, గుండె కారణంగా అనుకోకుండా ఆస్పత్రిలో చేరడం, ఈ మూడూ కలిపి మొదటి గుంపులో 26.8 శాతం, రెండో గుంపులో 45.3 శాతం. విడదీద్దాం. మరణం: 8.4, 9.2. పక్షవాతం: 4.2, 6.7. ఆస్పత్రిలో చేరడం: 20.9, 41.7. విజయం బరువంతా చివరి అంకె మీదే ఉంది.

ఎవాల్వ్డ్‌లో 224 మంది, బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి. వీరిని ఎంచుకున్న తీరు మెచ్చదగినది: ఎంఆర్ఐలో గుండె కండరంలో మచ్చ కనిపించినవారినే తీసుకున్నారు. లక్షణాల కంటే ముందే గుండె దెబ్బతింటోందన్న సాక్ష్యం అది. మరణం, ఈ జబ్బువల్ల అనుకోకుండా ఆస్పత్రిలో చేరడం కలిపి ముందే మార్చిన గుంపులో 18 శాతం, ఆగిన గుంపులో 23. విడదీస్తే మరణం 14, 13. ఆస్పత్రిలో చేరడం 6, 17.

రెండూ చెప్పేది ఒకటే కదా! మరణాల్లో తేడా లేదు; ఆస్పత్రి చేరికలు బాగా తగ్గాయి. ఒకదానిలో మనుషులెక్కువ, చేరికలూ ఎక్కువ, కాబట్టి కలిపిన అంకె గీత దాటింది. రెండోదానిలో అనుకున్నంత మంది చేరలేదు. దాని లెక్క ప్రకారం ముందే మార్చడం ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించి ఉండవచ్చు, 40 శాతానికి పైగా పెంచి ఉండవచ్చు. అంత వెడల్పు సందేహాన్ని 'ఓటమి' అనడం సరికాదు.

ఆస్పత్రిలో చేరడం చిన్న విషయమని నేననడం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి ఆంబులెన్సు ఎక్కిన వృద్ధుడికి అది చావుతో సమానమే. కాని ఈ ప్రయోగంలో ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగికీ తెలుసు, వైద్యుడికీ తెలుసు. గుండెలో పాడైన కవాటం ఉందని తెలిసినవాడు మెట్లెక్కి రొప్పితే వెంటనే ఆస్పత్రికి పోతాడు, వైద్యుడూ చేర్చుకుంటాడు. కొత్త కవాటం పెట్టించుకున్నవాడు అదే రొప్పును వయసు మీదికి నెట్టేస్తాడు. ఇలాంటి పక్షపాతం మరణాల లెక్కలో దూరదు, చేరికల లెక్కలో దూరుతుంది. ఎర్లీ టావర్‌కు డబ్బు పెట్టింది ఆ కవాటాన్ని తయారుచేసే ఎడ్వర్డ్స్ కంపెనీ అన్నదీ పాఠకుడు గుర్తుంచుకోదగ్గ సంగతి.

నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే విలువైనదిగా తోచినది మరో అంకె. ఆగిన గుంపులో 87 శాతం మంది చివరికి కవాటం మార్పించుకున్నారు. వారిలో సగం మంది సుమారు 11 నెలల్లోపే. అంటే పోలిక 'మార్చడానికీ మార్చకపోవడానికీ' మధ్య కాదు. 'ఇప్పుడు మార్చడానికీ, కాస్త తర్వాత, లక్షణం కనిపించగానే ఆలస్యం లేకుండా మార్చడానికీ' మధ్య. రెండో గుంపులో చావులు పెరగలేదంటే, ఆ కాపలా అంత గట్టిగా ఉందన్నమాట. అక్కడ ఆగడమంటే ఊరుకోవడం కాదు. అదీ ఒక చికిత్సే.

మరణాల్లోనే తేడా చూపిన ప్రయోగం లేకపోలేదు. 2020లో వెలువడిన కొరియా వారి 'రికవరీ'లో 145 మందికి అతితీవ్ర సంకోచం ఉంది. సగటు వయసు 64. వెంటనే శస్త్రచికిత్స పొందిన 73 మందిలో గుండె జబ్బువల్ల ఒకరు చనిపోయారు, ఆగిన 72 మందిలో 11 మంది. అన్ని కారణాల మరణాలు 5, 15. శస్త్రచికిత్సవల్ల ఒక్కరూ పోలేదు. సంఖ్య చిన్నది, ఆరితేరిన నాలుగు ఆస్పత్రుల్లోనే జరిగింది. అయినా నేను దీనికే ఎక్కువ బరువిస్తాను. జబ్బు ముదిరిన కొద్దీ ఆగడం ప్రమాదమని ఇది నేరుగా చూపింది. 2021లో వచ్చిన ఐరోపా ప్రయోగం కూడా, దాని పేరు మన మాటే, 'అవతార్', 157 మందిలో ముందు శస్త్రచికిత్సవైపే మొగ్గింది.

మన రోగి ఎక్కడ?

గుజరాత్‌లోని మెరిల్ కంపెనీ తయారుచేసిన 'మైవాల్' కాథెటర్ కవాటాన్ని విదేశీ కవాటాలతో పోల్చిన 'ల్యాండ్‌మార్క్' ప్రయోగం 2024లో 'లాన్సెట్'లో వచ్చింది. 768 మందిలో 30 రోజులకు కలిపి లెక్కించిన ఫలితం 25 శాతం, 27 శాతం. మనది వాటికి తీసిపోలేదు. సంతోషమే. కాని ఆ రోగులు ఎక్కువగా ఐరోపావారు, సగటు వయసు 80. కవాటం మనది, గుండెలు వారివి.

రుమాటిక్ జ్వరం వల్లనో, రెండు రెక్కల కవాటం వల్లనో 40, 50 ఏళ్లకే జబ్బుపడే మనిషి ఈ పెద్ద ప్రయోగాల్లో కనిపించడం అరుదు. రెండు రెక్కలవారిని పార్ట్‌నర్ 3 చేర్చుకోనేలేదు. 2024 నాటి ఒక ఉత్తర ఐరోపా ప్రయోగంలో అటువంటివారు 100 మంది ఉన్నారు. ఏడాదికి మరణం, పక్షవాతం, తిరిగి ఆస్పత్రిలో చేరడం కలిపితే కాథెటర్ గుంపులో 14.3 శాతం, శస్త్రచికిత్స గుంపులో 3.9. సంఖ్య చిన్నది కనుక తీర్పు చెప్పలేం, కాని ఆత్రపడవద్దన్న హెచ్చరిక చాలు. పైగా జంతు కణజాలపు కవాటం కాలక్రమేణా అరిగిపోతుంది. 45 ఏళ్ల మనిషికి ఇంకొకటి, బహుశా మూడోదీ కావాలి. లోహపు కవాటం అరగదు, కాని జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు మింగుతూ, తరచు రక్తపరీక్ష చేయించుకోవాలి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించి, 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చిన చిత్ర కవాటం ఈ రెండో కోవలోది. చవకగా దొరికే కవాటం తయారుచేసుకున్నాం. ఆ రక్తపరీక్షను పల్లెదాకా తీసుకుపోవడం వేరే పని.

కాబట్టి వాషింగ్టన్ ఫలితాలను ఇక్కడికి అలాగే దిగుమతి చేసుకోలేం. ఎకో పరీక్షకు ఒకరోజు కూలి వదులుకుని పట్నం వెళ్లవలసిన మనిషికి 'ఆరునెలలకు మళ్లీ రండి' అన్న మాట ఎర్లీ టావర్‌లోని కాపలా కాదు. అతడు ఆ పట్టికలోని రెండు గుంపుల్లో దేనికీ చెందడు. మన దేశంలో ఇటువంటి ప్రయోగం జరిగితే అందులో మూడో వరుస ఒకటి ఉండాలి: ఆగమని చెప్పి పంపాక తిరిగి రానివారు. వారెందరో, ఎందుకు రాలేదో, ఏమయ్యారో లెక్కించాలి. అందుకు ఖరీదైన కవాటాలు అక్కరలేదు. ఒక ఎకో యంత్రం, ఒక రిజిస్టరు, రాని రోగికి ఫోన్ చేసే ఒక మనిషి కావాలి.